కామాకో కమిటీ

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మన సాఫ్ట్‌వేర్ కొలువుల్లో ఆ సోమలింగం పేరు డాట్ క్లాంగ్-ఫార్మాట్. ప్రాజెక్టు ఏమిటో క్లయింటుకే ఇంకా తేలదు. డేటాబేస్ ఏదన్నది ఖాయం కాదు. కానీ ఫ్లవర్ బ్రాకెట్ అదే లైన్లో తెరవాలా, కింది లైన్లో తెరవాలా అన్నదాని మీద మాత్రం మాదాపూర్‌లో ఏసీ గది బుక్ చేసుకుని, ఆన్‌సైట్ వాళ్ళని నిద్ర లేపి మరీ కాల్‌లోకి లాగి, వారాల తరబడి మంతనాలు సాగుతాయి. మినిట్స్ కూడా రాస్తారు.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఫార్మాటర్ అంటే, మీరు కోడ్ ఎంత అడ్డదిడ్డంగా గిలికినా, ఖాళీలూ లైన్లూ సర్ది ఒకే తీరులో తిరగరాసి ఇచ్చే ప్రోగ్రాం. సేవ్ నొక్కితే చాలు. ఈ ఖాళీల తగాదా తీర్చడానికే దాన్ని కనిపెట్టారు. మనవాళ్ళు ఏం చేశారంటే, తగాదాని కోడ్‌లోంచి జాగ్రత్తగా తీసి, ఆ డాట్ క్లాంగ్-ఫార్మాట్ అనే కాన్ఫిగ్ ఫైల్లో భద్రపరిచారు. ఇదివరకు ఫైలుకో గొడవ ఉండేది, ఇప్పుడు అంతా ఒక్కచోటే దొరుకుతోంది. ఒకే శైలి సాధించడమంటే ఇదే కాబోలు.

ఈ రోగం ముందే పసిగట్టినవాళ్ళు లేకపోలేదు. 2009లో గో భాష బయటికొచ్చినప్పుడు వెంట గోఫంట్ అనే ఫార్మాటర్‌నీ తెచ్చుకుంది. ఇండెంట్ ట్యాబ్‌తోనే. స్పేస్‌లు కావాలా? ఆప్షన్ లేదు, దయచేయండి. దాని శైలి ఎవరికీ ఇష్టం కాదుగానీ అది మాత్రం అందరికీ ఇష్టమేనని ఆ భాష కర్తల్లో ఒకడైన రాబ్ పైక్ చమత్కరించాడు. 2017లో జావాస్క్రిప్ట్‌కి వచ్చిన ప్రెటియర్, ఉన్న ఆప్షన్లే ఎక్కువ, ఇంక చేర్చబోమని తన డాక్యుమెంట్లోనే తెగేసి రాసుకుంది. పైథాన్ వాళ్ళ బ్లాక్ 2018లో పుట్టింది. లైనుకి 88 అక్షరాలంది, రాజీ లేదంది. ఈ ముగ్గురికీ మనుషుల సంగతి బాగా తెలుసు.

సీ ప్లస్ ప్లస్ వాళ్ళ క్లాంగ్-ఫార్మాట్ మాత్రం అడిగినవాడికి లేదనలేని జమీందారు. ఆప్షన్లు వంద దాటిపోయాయి. ఫ్లవర్ బ్రాకెట్ ఎక్కడ తెరవాలన్న ఒక్కదానికే లినక్స్ అనీ, ఆల్మన్ అనీ, స్ట్రౌస్ట్రప్ అనీ, వైట్‌స్మిత్స్ అనీ పేరుపేరునా శాఖలున్నాయి. ఇవేవీ నచ్చని స్మార్తులకి ‘కస్టమ్’ ఉంది.

అసలు వినోదం జరిమానాల దగ్గర ఉంది. పొడుగు లైన్ని ఎక్కడ విరవాలన్నది ఈ ప్రోగ్రాం జరిమానా లెక్కలు వేసి తేలుస్తుంది. ఏ దారిలో మొత్తం తక్కువ పడితే ఆ దారి పడుతుంది. రిటర్న్ టైప్ ఒంటరిగా పై లైన్లో మిగిలిపోతే, దానితో రెడీమేడ్‌గా వచ్చే స్టైళ్ళలో ఒకటైన ఎల్ఎల్‌వీఎమ్ స్టైల్లో 60, అదే నేరానికి గూగుల్ స్టైల్లో 200. హద్దు దాటి బయటికి పొడుచుకొచ్చిన ఒక్కో అక్షరానికి, రాసింది సరిగ్గానే చదివారు, పది లక్షలు. తాగి బండి నడిపినవాడికి కూడా మన పోలీసులు అంత రాయరు. ఈ అంకెలు ప్రోగ్రాం లోపలి సర్దుబాటు కోసం. మనవాళ్ళు వాటి మీద కూడా బేరానికి కూర్చుంటారు.

“60 మరీ తక్కువ అన్నా.”

“200 పెడితే ఆర్గ్యుమెంట్లన్నీ కిందకి జారిపోతాయి బ్రో.”

“పోనీ, 130కి ఫిక్స్ అవుదామా?”

అయ్యారు. 130 వేస్తే 200 కన్నా ఏం మారుతుందని ఆ గదిలో ఎవరూ అడగలేదు. అడిగితే ఇంకో మీటింగ్ పడుతుందని అందరికీ తెలుసు.

లైను 80 అక్షరాలు దాటకూడదనే ఆచారం సంగతి చూడండి. ఐబీఎమ్ 1928లో తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరసలుండేవి. కార్డులు పోయాయి, వాటిని చదివే యంత్రాలు మ్యూజియంకి చేరాయి. సాక్షాత్తు లినక్స్ కెర్నల్ వాళ్ళే 2020లో హెచ్చరిక గీతని 100కి జరిపారు. మన టెక్ లీడ్ మాత్రం గోడంత వంపు మానిటర్ ముందు కూర్చుని, అందులో మూడో వంతు మాత్రమే వాడుతూ, 80 దాటితే చదవలేమండీ అంటాడు.

ఇంకో ముచ్చట, వరుసగా వచ్చే ఈక్వల్ గుర్తులన్నీ ఒకే నిలువు గీత మీద నిలబెట్టే ఆప్షన్. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. రేపు ఒక్క వేరియబుల్ పేరు నాలుగక్షరాలు పెరిగిందనుకోండి, దాని చుట్టుపక్కల లైన్లన్నీ పక్కకి జరుగుతాయి. మార్చింది ఒక్క లైను, రివ్యూలో ఎరుపూ పచ్చా పన్నెండు. అసలు మార్పు ఆ గుంపులో ఎక్కడుందో రివ్యూ చేసేవాడి కర్మ. చదవడం సులువవుతుందనే ఈ ఆప్షన్ పెట్టారు.

అన్నీ తేలాక శుభముహూర్తాన ఎవరో కుర్రాడి చేత మొత్తం కోడ్ మీద ఫార్మాటర్ తోలిస్తారు. అప్పటికి తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులన్నీ కాన్‌ఫ్లిక్టుల పాలు. తెల్లారి గిట్ బ్లేమ్ కొడితే ఎప్పటిదో పాత బగ్‌తో సహా ప్రతి లైనూ ఆ కుర్రాడి పేరే చెబుతుంది. పాపం, ఆ కోడ్ పుట్టేనాటికి అతను ఎంసెట్ కోచింగ్‌లో ఉన్నాడు. ఇలాంటి కమిట్లని బ్లేమ్ లెక్కలోంచి తప్పించే ఏర్పాటు 2019లోనే గిట్‌లోకి వచ్చింది. అది చదవడానికి కమిటీకి తీరిక ఏదీ, జరిమానాల బేరంలో ఉంటే?

“ఫార్మాటర్ రూపాన్ని మారుస్తుందంతే, కోడ్‌ని ముట్టుకోదు” అనే భరోసా ఒకటి వినిపిస్తుంటుంది. క్లాంగ్-ఫార్మాట్ అడగకుండానే ఇంక్లూడ్ లైన్లని అక్షర క్రమంలో పేరుస్తుంది. విండోస్ డాట్ హెచ్ ముందుంటేనే బతికే హెడర్లు కొన్నుంటాయి. వాటిని ముందుకి తోస్తే బిల్డ్ పగులుతుంది. పైగా వెర్షన్ మారితే తీర్పూ మారుతుంది. ఒకడి లాప్‌టాప్‌లో పాతది, ఇంకొకడి దగ్గర కొత్తది ఉంటే, పొద్దున ఒకరు సర్దింది సాయంత్రం మరొకరు విప్పుతుంటారు.

ఫార్మాటర్ దండగని అనబోవడం లేదు. 2014 ఫిబ్రవరిలో యాపిల్ వాళ్ళ సెక్యూరిటీ కోడ్‌లో బయటపడ్డ బగ్ గుర్తుందా? ఇఫ్ కింద ‘గోటూ ఫెయిల్’ అనే లైను రెండుసార్లు పడింది. ఫ్లవర్ బ్రాకెట్లు లేవు. రెండోది కూడా ఇఫ్ కిందదే అన్నట్టు బుద్ధిగా లోపలికి జరిగి కూర్చుంది. నిజానికి దానికీ ఇఫ్‌కీ సంబంధమే లేదు. షరతు లేకుండా దూకేస్తుంది, దాని తర్వాత జరగాల్సిన సంతకం తనిఖీ జరగనే జరగదు. ఐఫోన్ల దగ్గర్నుంచి మ్యాక్‌ల దాకా ఆ రంధ్రం పాకింది. ఫార్మాటర్ ఏదైనా దాని మీద నడిచి ఉంటే ఆ రెండో లైన్ని ఎడమకి లాగి ఇఫ్‌తో సమానంగా నిలబెట్టేది. చూసేవాడు ఉంటే చూసేవాడు.

ఏ ఫార్మాటరైనా, ఏ సెట్టింగైనా ఆ పని చేసేది. ఇండెంట్ రెండున్నా, నాలుగున్నా, జరిమానా 60 అయినా, 130 అయినా. ఆ మేలు ఊరికే, డిఫాల్ట్‌తోనే వచ్చేస్తుంది. మనం వారాల తరబడి బేరమాడింది మిగతాదాని కోసం.

కాబట్టి ఫైల్లో ఒక్కటే లైను పెట్టి, వెర్షన్ ఒకటి బిగించి, ఎవరి పనికి వాళ్ళు పొండి అని మనసున్న మేనేజరమ్మ ఎవరో అంటారు. సరేనండీ మేడమ్ అంటారు అందరూ. ఆ ఒక్క లైనులో ఎల్ఎల్‌వీఎమ్ అని రాయాలా, గూగుల్ అని రాయాలా అని వెనక సీటులోంచి ఒకరు అడుగుతారు. రెండింట్లోనూ ఇండెంట్ రెండే, లైను ఎనభయ్యే. అయితే గూగుల్ స్టైల్లో ‘పబ్లిక్’ అనే మాట ఒక్క స్పేస్ లోపలికి జరుగుతుంది. దాని మీద గురువారం మూడింటికి గది దొరికింది.