నల్ల పరదా కథ

చామంతి పొడవాటి రాత్రికి పూసే మొక్క. తెలుగు నేల మీద అది చలికాలంలో విరగబూసేది ముఖ్యంగా అందుకే. పగలు పొడవుగా ఉన్నంతకాలం ఆకులు వేస్తూ ఎదుగుతుంది, రాత్రి పెరిగాక మొగ్గ తొడుగుతుంది. పగలు, రాత్రి నిడివికీ పూతకూ ఉన్న ఈ సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ పొగాకు, సోయా మొక్కలపై ప్రయోగాలు చేసి 1920లో ప్రకటించారు.

నెదర్లాండ్స్‌లో జూన్ పగలు 16 గంటలు దాటుతుంది. అక్కడి గాజు ఇళ్లలో వేసవిలోనూ చామంతి పూయాలంటే మనుషులే రాత్రిని కల్పించాలి. అందుకోసం పుట్టిందే ఈ నల్ల పరదా. రోజూ 12 గంటలకు పైగా చీకటి ఇవ్వడం దాని ధర్మం. ఎక్కడ చిల్లు పడి వెలుగు జారినా ఆ చోట పూత వెనకబడుతుంది. అందుకే తన ఒంటి మీది ప్రతి చిల్లునూ పరదా మొక్కకు జరిగిన అపచారంగా ఎంచుతుంది. కింద వేడి పేరుకున్నా పూత ఆలస్యమే. బయట పూర్తిగా చీకటి పడ్డాక పరదాను కాస్త తీసి గాలి ఆడనిస్తారు.

మొగ్గ రంగు చూపేదాకా ఈ చీకటి తప్పదు. చీకటి మొదలైన నాటి నుంచి కోతకు రకాన్ని బట్టి సుమారు 7 నుంచి 9 వారాలు పడుతుంది. కాడకు ఒకే పెద్ద పువ్వు కావాలంటే పక్క మొగ్గలను లేతగా ఉండగానే గిల్లేస్తారు. గుత్తి రకాల్లో నడిమి మొగ్గను తీసి పక్కవాటిని ఎదగనిస్తారు.

చివరి వారాల్లో పెట్టడం కన్నా తగ్గించడమే ఎక్కువ. నత్రజని మితిమీరితే కోసిన పూలు త్వరగా వాడిపోతాయి కనుక ఎరువు తగ్గిస్తారు. తడి రేకులకు బూజు తెగులు పడుతుంది కనుక పైనుంచి నీళ్లు చల్లరు. రాత్రి తేమ పెరిగితే పరదాలో సందు వదిలి ఆవిరిని బయటకు పంపుతారు. రేకుల మధ్య దూరే తామర పురుగుల జాడ కోసం జిగురు అట్టలు వేలాడదీస్తారు.

ఒంటి పువ్వు రకాలను బయటి రేకులు విచ్చుకుని నడిమి భాగం ఇంకా బిగువుగా ఉండగా కోస్తారు. కాడ అడుగున గట్టిపడిన భాగం నీళ్లు సరిగా పీల్చదు కాబట్టి దాన్ని వదిలి పైన కోస్తారు. కింది ఆకులు దూసి, కాడలను నీళ్లలో పెట్టి, చల్లని గదికి చేరుస్తారు.

ఖాళీ అయిన మడిలో వేళ్లు తొడిగిన కొమ్మ ముక్కలు నాటుతారు. అవి ఆకులు వేసి ఎత్తు పెరిగేదాకా వాటికి పొడవు పగలే కావాలి. ఆ తర్వాతే పరదాకు మళ్లీ పని.