ఇదంతా ఫేకంట బావా!

తెలుసు.

మొన్న మా బావమరిది చెప్పకముందే తెలుసు. వాడు గొంతు తగ్గించి, గదిలో పిల్లలు వింటారేమోనని ఓసారి అటు చూసి మరీ చెప్పాడు. పక్క వాటాలో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఆపాటి జాగ్రత్త కూడా పడలేదు. "మీలాంటి చదువుకున్నవాళ్లు కూడానా!" అని కళ్లజోడు పైనుంచి చూశారు. ఏసీ బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడైతే నిచ్చెన మీంచే టీవీ వంక చూసి, "వీళ్లు నిజంగా కొట్టుకోరు సార్" అన్నాడు. గ్యాస్ నింపినందుకు డబ్బు తీసుకున్నాడు గానీ ఈ సమాచారానికి మాత్రం ఏమీ పుచ్చుకోలేదు.

ఒక మనిషి రెజ్లింగ్ చూస్తూ దొరికితే చాలు, ఎదుటివాడికి సత్యహరిశ్చంద్రుడు పూనుతాడు.

జాన్ సీనా చివరి మ్యాచ్ అయినప్పటినుంచీ ఈ పోరు మరీ ఎక్కువైంది. 2025 డిసెంబరు 13న వాషింగ్టన్‌లో జరిగిందది. 'నెవర్ గివ్ అప్' అని టీషర్టుల మీదా టోపీల మీదా అచ్చేయించి ఏళ్ల తరబడి అమ్మిన మనిషి, గుంతర్ మెడ బిగించేసరికి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. పైగా చిరునవ్వొకటి. అక్కడి జనం గగ్గోలు పెట్టారు, ఇక్కడ నేనూ పెట్టాను. 2023 సెప్టెంబరులో మన గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చి, సెత్ రోలిన్స్‌ను జత చేసుకుని, ఇదే గుంతర్ ముఠాలో ఇద్దర్ని మట్టి కరిపించి వెళ్లినవాడు కదా! హైదరాబాదులో శిష్యుల్ని ఓడించినవాడు వాషింగ్టన్‌లో గురువు చేతికి ఎలా చిక్కాడా అని నేను మథనపడుతుంటే, సరిగ్గా ఆ క్షణంలో మా వాడు టీ కప్పు పట్టుకుని వచ్చి ఆ మాటన్నాడు.

నాయనా, నువ్వు గొంతు తగ్గించి చెప్పిన రహస్యాన్ని ఈ ఆట నడిపే కంపెనీ పెద్దలే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు గొంతెత్తి చెప్పారు. క్రీడ అని ఒప్పుకుంటే అథ్లెటిక్ కమిషన్ పెత్తనం, లైసెన్సులు, పైన పన్ను. అందుకని "ఇది పోటీ కాదు మహాప్రభో, వట్టి వినోదం" అని చేతులు జోడించారు. తరతరాలుగా మల్లయోధులు ప్రాణంలా కాపాడుకున్న గుట్టు అది. పన్ను తగ్గుతుందనేసరికి రట్టయిపోయింది.

ఆ గుట్టు కాపాడటం ఆషామాషీ వ్యవహారం కాదు. దానికి రెండేళ్ల ముందు, 1987లో, అదే న్యూజెర్సీలో పోలీసులు ఒక కారు ఆపారు. లోపల ఇరాన్ విలన్ ఐరన్ షేక్, ఆయన పక్కన అమెరికా జెండా పట్టుకుని ఆయన మీద కత్తులు నూరే జిమ్ డగ్గన్. కారులో మత్తుపదార్థాలు దొరికాయి. నిజమే, అదీ నేరమే. కానీ కంపెనీకి గుండె ఆగినంత పనైంది మరొకందుకు. రింగులో ఒకరి రక్తం ఒకరు తాగాల్సినవాళ్లు ఒకే కారులో ఊరు వెళ్తున్నారని పేపర్లో పడింది! ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి.

సరే, ఫేకే. మరి మీరు చూసేవన్నీ?

మా బావమరిది సంగతి చెబుతాను. హీరో కాలితో తంతే జీపు గాల్లో మూడు పల్టీలు కొట్టిన సినిమాకి వీడు మొదటి రోజు మొదటాట వెళ్లి, కాగితాలు చింపి ఎగరేసి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. "ఒరే, జీపుకి తాడు కట్టారంటరా" అని నేనన్నానా? మాస్టారి ఇంట్లో రాత్రి ఏడున్నర సీరియల్లో కోడలికి గతం గుర్తులేకుండా పోయినప్పుడు ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నారు. "గ్లిజరిన్ మాస్టారూ" అని నేనెన్నడైనా నోరు జారానా? మర్యాద అన్నది రెండు వైపులా ఉండాలి కదండీ.

నా పేచీ ఫేక్ అన్నందుకు కూడా కాదు. ఆ ఫేకు వెనక ఎంత పనితనం ఉందో చూడకుండా అన్నందుకు. ఉదాహరణకు అండర్‌టేకర్.

(అండర్‌టేకర్ సంగతి ఎత్తానంటే ఇప్పట్లో దించను. పొయ్యి మీద పాలుంటే కట్టేసి రండి.)

1990 నవంబరులో నల్లకోటు, నల్లటోపీతో రింగులోకి వచ్చిన ఆ ఆరడుగుల పదంగుళాల మనిషి, 2020 నవంబరులో వీడ్కోలు చెప్పేదాకా ముప్పై ఏళ్లు చస్తూ బతుకుతూ నెట్టుకొచ్చాడు. తెనాలిలో మా క్లాసుకి సంబంధించినంతవరకు అండర్‌టేకర్ ఏడుసార్లు చచ్చి బతికాడన్నది సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉన్నదానికన్నా గట్టి చరిత్ర. ఆరుసార్లేనని వాదించిన ఒకడితో మేం పచ్చి కొట్టాం. మేం ఆడుకునే రెజ్లింగ్ ట్రంప్ కార్డుల్లో ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ అన్నీ అచ్చేశారు గానీ, 'ఎన్నిసార్లు చచ్చాడు' అన్న గడి పెట్టకపోవడం ఆ కార్డులు వేసినవాళ్ల లోపమని నేను ఇప్పటికీ అంటాను.

1994 జనవరి సంగతి చూడండి. యోకోజునాతో శవపేటిక మ్యాచ్. ఎవరిని పెట్టెలో పెట్టి మూతేస్తే వాడు ఓడినట్టు. యోకోజునా ఒక్కడి వల్ల కాకపోతే పదిమంది దాకా వచ్చి పడి, అండర్‌టేకర్‌ని పెట్టెలో కుక్కి మూత బిగించారు. అప్పుడు పెద్ద తెర మీద పెట్టె లోపలి మనిషి ప్రత్యక్షమై, మళ్లీ వస్తానని శపథం చేసి, స్టేడియం కప్పు దాకా తేలిపోయాడు. తేలింది ఆయన కూడా కాదట, ఆ దుస్తులు వేసుకున్న మార్టీ జానెటీ అనే మరో రెజ్లరట. కొన్నాళ్లకి టెడ్ డిబియాసీ అనే డబ్బున్న విలన్ "ఇదిగో మీ అండర్‌టేకర్" అని ఒకణ్ణి పట్టుకొచ్చాడు. వాడు నకిలీ. మరి అసలువాడేడీ? కనిపెట్టడానికి కంపెనీ ఎవర్ని దింపిందనుకున్నారు? 'నేకెడ్ గన్' సినిమాల హాస్యనటుడు లెస్లీ నీల్సన్‌ని! చివరికి ఆగస్టులో, సమ్మర్‌స్లామ్‌లో, అండర్‌టేకర్‌కీ అండర్‌టేకర్‌కీ పోటీ పెట్టారు. అండర్‌టేకర్ గెలిచాడు. ఎవరు గెలిచినా ఆ వాక్యం మారదనుకోండి.

కథ ఇక్కడితో ఆగితే నేను ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదు. ఆ నకిలీ వేషం కట్టినవాడి పేరు బ్రయన్ లీ. రెండేళ్లకి, 1996లో, 'ఖిలాడియోం కా ఖిలాడీ' అనే హిందీ సినిమాలో అక్షయ్ కుమార్ అండర్‌టేకర్‌ని ఓడించాడు. ఓడింది ఈ బ్రయన్ లీనే. మాకేం తెలుసు? క్లాసు రెండుగా చీలింది. "అండర్‌టేకర్‌ని ఎవడూ ఎత్తలేడు" అన్నవాళ్లు ఒకవైపు, "మనవాడు ఎత్తాడు, కళ్లారా చూశాం" అన్నవాళ్లు ఒకవైపు. పాతికేళ్లు గడిచాక అది బ్రయన్ లీ అని అక్షయ్ కుమారే చెప్పాడు. అంటే ఏమైనట్టు? ఫేకని పేరుపడ్డ ఆటలో ఫేక్ అండర్‌టేకర్‌గా వేసినవాణ్ణి సినిమాలో అసలు అండర్‌టేకర్‌గా చూపిస్తే, దాన్ని నమ్మి మేం నిజంగా తన్నుకున్నాం. ఆ రోజు తెగిన నా చొక్కా గుండీలు మాత్రం అసలువే. ఇంట్లో పడ్డ దెబ్బలకూ స్క్రిప్టు లేదు.

తమ్ముడి సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. చిన్నప్పుడు ఇల్లు తగలబడిందనీ, అమ్మానాన్నలు పోయారనీ, తమ్ముడూ పోయాడనీ అండర్‌టేకర్ అనుకుంటూ ఉండగా, 1997 అక్టోబరులో ఆ తమ్ముడు కేన్ ఎర్రముసుగుతో వచ్చి, అన్న ఆడుతున్న పంజరం తలుపు పీకి అవతల పారేశాడు. ఆ తర్వాత అన్నదమ్ములు కొట్టుకున్నారు, కలిశారు, మళ్లీ కొట్టుకున్నారు, ఒకరినొకరు తగలబెట్టుకున్నారు, పాతిపెట్టుకున్నారు, మళ్లీ కలిశారు. ఆస్తి పంపకాల ప్రస్తావన లేదన్న ఒక్క తేడా తప్పిస్తే మన ఇళ్లలో జరగనిది ఏముంది? అసలు ఈ కేన్, అంతకు రెండేళ్ల ముందు ఇదే కంపెనీలో పళ్ల డాక్టరు. ఐజాక్ యాంకెమ్ అనే పేరుతో విలన్ దంతవైద్యుడిగా వచ్చాడు. అది ఆడలేదు. తర్వాత డీజిల్ అనే మరో రెజ్లర్‌కి నకిలీగా దింపారు. అదీ ఆడలేదు. అప్పుడు చచ్చిపోయిన తమ్ముడి వేషం ఇస్తే అదిరింది. ఆ ముసుగు మనిషి గ్లెన్ జేకబ్స్ 2018లో అమెరికాలో టెనసీ రాష్ట్రంలోని నాక్స్ కౌంటీకి మేయరుగా ఎన్నికయ్యాడు, 2022లో మళ్లీ గెలిచాడు. ఓట్లు నిజమైనవే.

మన పద్యనాటకాల్లో చచ్చి పడిన పాత్రధారి, జనం "వన్స్ మోర్" అని కేకేస్తే లేచి, పంచె సర్దుకుని, ఆ పద్యాన్నే ఇంకాస్త రాగం తీసి పాడి, మళ్లీ అదే చోట పడి చచ్చేవాడట. "వీడు ఇందాక నిజంగా చావలేదు, మా టికెట్ డబ్బులు మాకివ్వండి" అని ఎవరైనా లేచారా? హార్మోనియం వాయించేవాడి దగ్గర్నుంచి వేరుశనక్కాయలు అమ్మేవాడి దాకా అందరికీ తెలుసు. తెలిసే చప్పట్లు కొట్టారు. అండర్‌టేకర్‌ది ముప్పై ఏళ్ల వన్స్ మోర్, అంతే.

ఎక్కడున్నాం? ఆఁ, ఫేకు.

ఇంత కట్టుదిట్టంగా నడిచే నాటకంలో నాకు గిట్టనివాడు ఒక్కడున్నాడు, రెఫరీ. వెనక కుర్చీ లేచేసరికి ఆయన సరిగ్గా అటు తిరిగి ఎవరికో నీతులు చెబుతుంటాడు. మోచెయ్యి తగిలిందా, మూర్ఛ. రింగు బయట ఎవడో బెల్టు పట్టుకుని నిలబడితే వాడితో సంప్రదింపులు. అంత గుడ్డివాడు 1997 నవంబరు 9న మాంట్రియాల్‌లో జరగనిదాన్ని చూశాడు. బ్రెట్ హార్ట్ ఛాంపియన్. కెనడావాడు, సొంత గడ్డ. పోటీ కంపెనీకి వెళ్లిపోతున్నాడు, పోతూ పోతూ ఇక్కడ మాత్రం ఓడనన్నాడు. సరే, గెలుపోటములు తేలకుండా ముగిద్దామని మాటైంది. కానీ ప్రత్యర్థి షాన్ మైఖేల్స్ బ్రెట్ సొంత పట్టునే బ్రెట్ మీద బిగించగానే, రింగు పక్కన నిలబడ్డ కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ గంట కొట్టమని అరిచాడు. రెఫరీ ఎర్ల్ హెబ్నర్ గంట కొట్టించి, వెనక్కి చూడకుండా పరుగందుకున్నాడు. బ్రెట్ తట్టనే లేదు! అతను మెక్‌మాన్ మొహాన ఉమ్మేశాడు. తర్వాత లోపల గదిలో ఒక్క గుద్దు గుద్దాడు. ఆ గుద్దు ఫేక్ కాదు.

ఈ ఆట చరిత్రలో జనం ఇప్పటికీ వాదించుకునే రాత్రి అదే. ఒప్పుకున్న అబద్ధం తప్పిన రాత్రి. కంపెనీ మాత్రం తక్కువ తిన్నదా? ఆ నిజమైన మోసాన్ని కూడా కథలో కలిపేసుకుని, మెక్‌మాన్‌ని దుర్మార్గపు యజమానిగా రింగులోకి దింపి, ఏళ్లపాటు టికెట్లు అమ్ముకుంది.

బ్రెట్ వెళ్లిపోయాడు. తమ్ముడు ఓవెన్ హార్ట్ ఉండిపోయాడు.

1999 మే 23, కాన్సస్ సిటీ. ఓవెన్‌కి బ్లూ బ్లేజర్ అనే నవ్వులాట వేషం ఇచ్చారు. నీలం రెక్కల సూపర్‌హీరో. పైకప్పు నుంచి తాడు మీద దిగుతూ రావాలి, కాస్త ఎత్తులో ఉండగా బోర్లా పడాలి, జనం నవ్వాలి. కొక్కెం ముందే ఊడిపోయింది. దాదాపు 78 అడుగుల పైనుంచి రింగులో పడ్డాడు. టీవీలో ఆ పడటం చూపించలేదు. ఇది కథలో భాగం కాదని వ్యాఖ్యాత జిమ్ రాస్ చూసేవాళ్లకి మళ్లీ మళ్లీ చెప్పాల్సివచ్చింది. హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది అది కూడా ఆటలో భాగమనే అనుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. అంతా ఫేకని వాళ్లకి ముందే తెలుసు మరి. అతనికి 34 ఏళ్లు, ఇంట్లో భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. చనిపోయాడన్న మాట టీవీవాళ్లకి చెప్పారు గానీ, టికెట్ కొని లోపల కూర్చున్నవాళ్లకి ఆ రాత్రి చెప్పలేదు.

అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాక, అదే రింగులో మిగతా మ్యాచ్‌లన్నీ వరసగా ఆడించారు. ఆఖరి మ్యాచ్‌లో స్టీవ్ ఆస్టిన్‌ని ఓడించి అండర్‌టేకర్ ఛాంపియన్ అయ్యాడు. రెఫరీ లెక్క కాస్త త్వరగా పెట్టాడు, కథ ప్రకారమే.

బావమరిదీ, మాస్టారూ, ఏసీ కుర్రాడూ రెజ్లింగ్ మీద ఎన్ని నేరాలైనా మోపండి, కాదనను. నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆ రాత్రి ఆట ఆపెయ్యాల్సింది.