శివారును మహానగరంగా దిద్దే విధానం

పోర్ట్‌ఫోలియో అనగా విద్యార్థి తన చూపును, పనితనాన్ని పరీక్షకుల ముందుంచడానికి ఎంచి, ఒక వరుసలో పేర్చిన ఛాయాచిత్రాల సంపుటి. నగర ఛాయాచిత్రాల సంపుటికి ముందుగా కావలసింది నగరం కాగా, మెల్‌బోర్న్ నడిబొడ్డుకు ఆగ్నేయంగా సుమారు 36 కిలోమీటర్ల దూరంలో, ఫ్రాంక్‌స్టన్ నగరపాలక పరిధిలో ఉన్న కేరమ్ డౌన్స్ విద్యార్థికి అదే కరువు. అక్కడ రైల్వే స్టేషన్ లేదు, ఆకాశహర్మ్యాలు లేవు. ఉన్నవల్లా పెంకు కప్పుల ఇళ్లు, రేకు కంచెలు, రౌండెబౌట్లు, నేలమీదే పోతపోసిన కాంక్రీటు పలకలను క్రేనుతో ఎత్తి నిలబెట్టి కట్టిన గోదాములు, వీటన్నిటి నెత్తిన కరెంటు తీగలు. కేరమ్ కేరమ్ అనే పెద్ద చిత్తడి నేలను 19వ శతాబ్దంలో కాలువలు తవ్వి ఆరబెట్టిన ప్రాంతమది. నేల స్వరూపాన్నే అంతగా దిద్దినప్పుడు, ఆ నేలమీది ఫొటోను దిద్దడంలో దోషమేముందన్న ధర్మసందేహానికి తావు లేదు గనుక నేరుగా విధానంలోకి వెళ్లవచ్చు.

మొదటి పని తొలగింపు. వారానికోసారి ఇళ్ల ముందు రోడ్డు అంచున బారులు తీరే ఎర్ర, పసుపు, ఆకుపచ్చ మూతల చెత్తడబ్బాలను తప్పనిసరిగా చెరిపివేయాలి. ఎందుకంటే అవి ఉన్నంతసేపూ ఆ వీధిలో మనుషులు నివసిస్తున్నారని, వారు తింటారని, పారవేస్తారని చూసేవారికి తెలిసిపోతుంది. ఈ పనికి 2010లో ఫొటోషాప్‌లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ అనే సాధనం, అంటే చెరిపిన ఖాళీని చుట్టుపక్కల పిక్సెళ్ల పోలికతో పూడ్చే ఏర్పాటు, ఒకప్పుడు చాలేది. 2023 నుంచి జెనరేటివ్ ఫిల్ వచ్చి, లేని చెట్టును, లేని గోడను కొత్తగా పుట్టించి ఇస్తున్నది కనుక విద్యార్థి ఊహించవలసిన శ్రమ కూడా తప్పింది. డబ్బాల తరువాత తీగలు, తీగల తరువాత స్తంభాలు, ఆపైన కార్లు తీసివేయాలి. ఇన్ని తీసివేశాక చట్రంలో ఒక ఇటుక గోడ, కొంత గడ్డి మాత్రమే మిగిలితే కలవరపడనక్కరలేదు, దాన్ని మినిమలిజం అంటారు.

చాదస్తులు కొందరు ఈ సందర్భంలో 2010 నాటి వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీని గుర్తుచేస్తారు. అందులో స్టెపాన్ రుదిక్ అనే ఛాయాగ్రాహకుడు నేపథ్యంలో కనిపించే ఒక పాదపు కొసను చెరిపినందుకు, గెలిచిన బహుమతిని కోల్పోయాడు. అయితే అది వార్తాచిత్రాల పోటీ, అక్కడ చిత్రం సాక్ష్యం. కళావిద్యార్థి చిత్రం సాక్ష్యమని ఎవరూ అనలేదు, అతడే తన వివరణ పత్రంలో ‘శివారు జీవితానికి నిజాయితీ గల దర్పణం’ అని రాసుకుంటే తప్ప. అటువంటి వాక్యం రాయక తప్పదు కాబట్టి, దానికీ చిత్రానికీ మధ్య కనీసం రెండు పేజీల దూరం పాటించడం క్షేమం.

పెద్దల అండ కావలసినవారికి ఆస్ట్రేలియా చరిత్రలోనే ఫ్రాంక్ హర్లీ ఉన్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా సైన్యపు అధికారిక ఛాయాగ్రాహకుడైన అతడు, పలు నెగటివ్‌లను, అంటే వెలుగునీడలు తారుమారై పడే మూలపు పలకలను కలిపి ఒకే యుద్ధదృశ్యంగా అచ్చువేయగా, యుద్ధచరిత్రకారుడు చార్లెస్ బీన్ దాన్ని నకిలీ అని ఆక్షేపించాడు. 1917లో వివాదం ముదిరి హర్లీ రాజీనామా చేస్తానన్నాడు. విద్యార్థి ఈ కథను తన వివరణలో ఉటంకించేటప్పుడు, హర్లీ ఫిరంగుల మధ్య కెమెరా మోశాడన్న సంగతిని, తాను మోసింది హాల్ రోడ్డు షాపింగ్ సెంటర్ నుంచి తెచ్చుకున్న కాఫీ కప్పునన్న సంగతిని పక్కపక్కన పెట్టకుండా జాగ్రత్తపడాలి.

ఇక ఆకాశం విషయం విస్తరించి చెప్పవలసినది. మెల్‌బోర్న్ ఆకాశం గంటకో తీరుగా మారుతుంది గాని, విద్యార్థికి తీరిక దొరికే శనివారం మధ్యాహ్నం మాత్రం తెల్లగా, చదునుగా ఉండిపోతుంది. 2020లో ఫొటోషాప్‌కు చేరిన స్కై రీప్లేస్‌మెంట్ ఒక్క నొక్కుతో దాన్ని తీసివేసి, నిప్పులు కురిసే సాయంసంధ్యను అతికిస్తుంది. ఇక్కడ ఒక చిన్న భూగోళపు చిక్కు ఉన్నది. మెల్‌బోర్న్ దక్షిణార్ధగోళంలో దాదాపు 38 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నందున నడిమధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా ఉత్తర దిక్కునే ఉంటాడు, నీడలు దక్షిణానికి పడతాయి. అరువు తెచ్చిన ఆకాశంలో మబ్బులకు ఎడమనుంచి వెలుగు తగులుతుంటే, కింద గోదాము నీడ కూడా ఎడమకే సాగి, రెండు సూర్యుల దేశం వెలుస్తుంది. రంగు కలిపే సాధనానికి నీడను పక్కకు తిప్పే శక్తి లేదు. చందమామతో వ్యవహారం ఇంకా సున్నితం. హైదరాబాదులో తీసిన పున్నమి చంద్రుణ్ణి అట్టే తెచ్చి కేరమ్ డౌన్స్ ఇళ్ల కప్పుల మీద నిలిపితే, అందులోని కుందేలు హైదరాబాదు పద్ధతిలోనే కూర్చుంటుంది, కాని మెల్‌బోర్న్ వాసులు నడిరేయి చూసే కుందేలు తలకిందులుగా ఉంటుంది. పరీక్షకుడు అక్కడే పుట్టి పెరిగినవాడైతే తేడా ఏమిటో చెప్పలేకపోయినా ఏదో తేడా ఉందని అనుకుంటాడు, ఆ అనుమానాన్ని ‘వింత వాతావరణ సృష్టి’గా మెచ్చుకునే అవకాశం కొట్టిపారవేయదగినది కాదు.

రంగుల విషయంలో నియమం సులభం. వైట్ బ్యాలెన్స్ అంటే ఏ వెలుగులో తీసినా తెల్లని వస్తువు తెల్లగా కనిపించేలా చేసే సవరణ, దాన్ని కెల్విన్‌లలో కొలుస్తారు, పగటి వెలుగు సుమారు 5500; విద్యార్థి దీన్ని తెలుసుకుని విస్మరించాలి. నీడలన్నిటికీ నీలి ఆకుపచ్చ, వెలుగులన్నిటికీ నారింజ పూస్తే హాలీవుడ్ సినిమా పోస్టరు వన్నె వస్తుంది, అదే వన్నె తరగతిలోని మిగతా అందరి చిత్రాలకూ ఉంటుంది గనుక ఒంటరితనం కలగదు. స్పష్టత పెంచే క్లారిటీ, మసక తీసే డీహేజ్ అనే రెండు స్లయిడర్లను కుడివైపు గోడ తగిలేదాకా లాగాలి. హిస్టోగ్రామ్ అనే పటం, 0 అంటే చిమ్మచీకటి నుంచి 255 అంటే తెల్లదనం వరకు ఏ స్థాయిలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూపేది, రెండు చివరలా గోడకు ఒరిగి నిలిస్తే వివరాలు శాశ్వతంగా పోయాయని అర్థం. అయితే ఆ వివరాలు చెత్తడబ్బాలవేనని మొదటే అనుకున్నాము కదా.

కేరమ్ డౌన్స్‌కు దగ్గరలో, ఈస్ట్‌లింక్ టోల్ రహదారి పక్కన సుమారు 20 మీటర్ల ఎత్తున హోటల్ ఒకటి నిలబడి ఉన్నది, దానికి గదులు లేవు, అతిథులు లేరు. అది కళాకారుడు కాలమ్ మోర్టన్ శిల్పం, హోటల్ అనే పేరుతోనే ఉన్న అబద్ధపు కట్టడం. దిద్దుబాటు చేయకుండానే నకిలీగా కనిపించే ఈ ఒక్క వస్తువును విద్యార్థి తీయకూడదు. ఎందుకంటే, ఎంత శ్రమించినా దాని మీద అబద్ధం కలపడానికి చోటు దొరకదు.

కేరమ్ డౌన్స్‌లోనే బౌండరీ రోడ్డులో హిందూ సొసైటీ ఆఫ్ విక్టోరియా నడిపే శ్రీ శివవిష్ణు దేవాలయం 1994లో ప్రతిష్ఠ పొందింది. తెలుగు కుటుంబాల పిల్లలకు చిన్ననాటి నుంచి తెలిసిన స్థలం అది. గోపురాన్ని బిగించి కత్తిరించి, అనగా క్రాప్ చేసి, పార్కింగ్ స్థలాన్ని, స్పీడ్ బ్రేకర్లను, ఊలు కోట్లలో చలికి ముడుచుకొని నడిచే పట్టుచీరలను అవతలికి నెట్టివేస్తే, అది తంజావూరో తిరుపతో తెలియని పవిత్ర చిత్రంగా రూపొందుతుంది. చూసేవారికి అదెక్కడిదో అడగాలనిపించదు, అడగకపోవడమే విజయం. రంగు కొంచెం ఎక్కువైనా దోషం లేదు, పులుసులో బెల్లంలా అది తప్పులు కప్పుతుంది. పార్కింగ్‌లో చెప్పులు విడిచే అరుగు, ట్రాలీలో ప్రసాదపు డబ్బాలు, వెనుక ఎర్ర మట్టి ఇటుకల ఇళ్లు ఒకే చట్రంలో పడిన ఫొటో ఒకటి పొరపాటున మెమరీ కార్డులో ఉంటుంది, అది మరెక్కడా దొరకనిది కావడమే దాని ప్రమాదం, కనుక ఎంపికలో దానికి స్థానం ఇవ్వరాదు.

ఎంపిక గురించి చెప్పవలసింది స్వల్పం. పన్నెండు చిత్రాలు చాలుననిపించినప్పుడు నలభై పెట్టాలి. పరీక్షకుడికి ఏది మంచిదో తేల్చే బాధ్యతను అప్పగించడం వినయానికి లక్షణం. విక్టోరియా రాష్ట్రపు పన్నెండో తరగతి స్థాయి ధ్రువపత్రమైన వీసీఈలో 2023 నుంచి అమలైన ఆర్ట్ మేకింగ్ అండ్ ఎగ్జిబిటింగ్ పాఠ్యాంశం విద్యార్థి తన పని సాగిన తీరును ఒక దృశ్య దినచర్య పుస్తకంలో నమోదు చేయమంటుంది: ప్రయోగాలు, విఫలయత్నాలు, వదిలివేసిన చిత్రాలు, వాటి కారణాలు. చిత్రాలన్నీ ముగిశాక, ఒక్క రాత్రిలో, రెండు రంగుల పెన్నులు మార్చి, ఒకచోట టీ మరక పెట్టి ఈ పుస్తకాన్ని వెనుకనుంచి ముందుకు రాయడం పలువురు అనుసరించే శాస్త్రీయ పద్ధతి. మూలపు రా ఫైళ్లు, అనగా కెమెరా ఏ దిద్దుబాటూ లేకుండా నమోదు చేసే ముడి దత్తాంశం, దగ్గర పెట్టుకోవడం మంచిది కాదు. వాటిలో డబ్బాలున్నాయి, తీగలున్నాయి, తెల్లని శనివారపు ఆకాశం ఉంది. ఉపాధ్యాయుడు విద్యార్థి పని అతడిదేనని ధ్రువీకరించవలసి ఉంటుంది కాబట్టి ఏదో ఒకరోజు వాటిని అడుగుతాడు. అప్పుడు హార్డ్ డిస్క్ పాడైపోయిందని విచారంగా చెప్పాలి, చెప్పేటప్పుడు ఆ డిస్క్ చొక్కా జేబులోంచి తొంగిచూడకుండా చూసుకోవాలి.