పచ్చలైటు మహిమ

మా మూడో అంతస్తు మాస్టారు రిటైరయ్యాక పొదుపు మీద పడ్డారు. వారి తాజా అస్త్రం ఒక తెల్ల డబ్బీ. నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత ఉంటుంది. ప్లగ్గులో దోపితే పచ్చలైటు వెలుగుతుంది. అది వెలిగిన క్షణం నుంచి కరెంటు బిల్లు నలభై శాతం పడిపోతుందట, అందులోనూ గీజర్ ఖర్చు. పన్నెండు వందలు పోసి తెచ్చారు.

మా దుగ్గిరాల వాళ్లకి ఇలాంటిది అంటగట్టడం మామూలు విద్య కాదు. పసుపు యార్డులో కొమ్ము విరిచి చూసి సరుకు సంగతి చెప్పేసే ఊరిది. పచ్చి పసుపు ఉడకాలంటే పొయ్యి కింద ఎంత మండాలో తాతల నాటి నుంచి తెలుసు. పొయ్యి పక్కన పచ్చదీపం పెడితే కట్టెలు సగం మిగులుతాయని ఎవడైనా అని ఉంటే, వాణ్ణి అక్కడే కూచోబెట్టి మంట ఎగదోయించేవాళ్లు. అదే మాట గోడ ప్లగ్గు గురించి చెప్తే జేబులోంచి పన్నెండు వందలు తీశాం.

అమ్మినాయన గారడీ మాత్రం బాగుంది. చిన్న మోటారు తిప్పి, తీగకు క్లాంప్ మీటరు తగిలించి, డబ్బీ దోపగానే ఆంపియర్లు తగ్గడం చూపించాడట. తగ్గుతాయి, అబద్ధం కాదు. లోపలున్నది కెపాసిటర్. మోటార్లు, పాత ట్యూబులైటు చోకులు కొంత కరెంటును ఊరికే లాగి, ఊరికే తిప్పి పంపుతుంటాయి. ఆ రాకపోకల్ని కెపాసిటర్ అక్కడికక్కడే సర్దుతుంది. కానీ ఇంట్లో మనం డబ్బు కట్టేది ఆంపియర్లకు కాదు, యూనిట్లకు. పైగా గీజర్‌లో ఉన్నది వట్టి కాయిల్. లాగిందంతా వేడి చేసేస్తుంది, తిప్పి పంపడానికేమీ మిగలదు. జబ్బు లేని మనిషికి మందు పోయడమన్నమాట.

నీళ్లు బేరాలకు లొంగవు. పాతిక లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి తేవాలంటే ఇంచుమించు ఒక యూనిట్ కాలాల్సిందే.

నోటితో చెప్తే వినరని ఓ ఆదివారం మాస్టార్ని మెట్ల కింద మీటర్ల బోర్డు దగ్గరికి తీసుకెళ్లాను. 3200 మిణుకులైతే ఒక యూనిట్ అని మీటరు మీదే ఉంది. ఇంట్లో గీజర్ తప్ప అన్నీ ఆర్పించాం. ఎర్రలైటు టకటకా కొట్టుకుంటోంది. ఫోన్‌లో వీడియో తీసి లెక్కపెడితే నిమిషానికి 106. డబ్బీ పెట్టానని పైనుంచి వాళ్లావిడ కేకేశారు. మళ్లీ లెక్కపెట్టాం. 106.

"కొత్తది కదయ్యా, లైనుకు అలవాటు పడాలి," అన్నారు మాస్టారు.

అసలు డబ్బు ఎటు పోతోందో వాళ్ల బాత్‌రూమ్‌లో తెలిసింది. గీజర్ నాబ్ 75 దగ్గరుంది. అంత కాచి, చెయ్యి పెట్టలేక సగం బకెట్ చన్నీళ్లు కలుపుతారు. ఐదింటికి స్విచ్చేసి, పేపరూ రెండు కాఫీలూ అయ్యాక ఎనిమిదింటికి స్నానం. అందాకా ట్యాంకు చల్లారుతూ, మళ్లీ కాగుతూ ఉంటుంది. ఒంటికి పట్టే గోరువెచ్చని బకెట్‌కి నిజానికి పావు యూనిట్ చాలు. ఏప్రిల్‌లో అదీ అక్కర్లేదు, డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి కాలుస్తాయి. అప్పుడూ ఐదింటికి స్విచ్ పడాల్సిందే.

నాబ్ తిప్పడానికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో, దాని మీద ఎవరికీ నమ్మకం కుదరదు.

నెలాఖరుకు బిల్లు 238 యూనిట్లు. 2022లో మార్చిన స్లాబుల్లో 225 దాటాక 400 దాకా ప్రతి యూనిట్‌కీ 8.75 రూపాయలు, సర్దుబాటు ఛార్జీలు వేరే. మాస్టారు అమ్మినాయనకు ఫోన్ కొట్టి నిలదీశారు. మీది మూడు బెడ్‌రూముల ఇల్లు కదండీ, ఒక్కటెలా సరిపోతుందని ఎదురడిగాడట.

మొన్న వాళ్లింటికెళ్తే హాల్లో టీవీ పక్కన కూడా పచ్చలైటు వెలుగుతోంది.