పేరు పెట్టాం, ఇక వెళ్లి రండి

ముద్ఖేడ్ జంక్షన్‌లో దిగేవాళ్లు రెండు రకాలు. ఆదిలాబాద్ బండి కోసం కాచుక్కూర్చునేవాళ్లు ఒక రకం. ట్రంకుపెట్టె మోసుకుంటూ సీఆర్‌పీఎఫ్ సెంట్రల్ ట్రైనింగ్ కాలేజీ దారి పట్టేవాళ్లు రెండో రకం. వీళ్లలో మన తెలుగు కుర్రాళ్లూ ఉంటారు. నడక దగ్గర్నుంచి తుపాకీ విప్పి బిగించడం దాకా అక్కడ అన్నీ నేర్పుతారు. రిటైరయ్యాక తానెవరో గుమస్తాకు నచ్చజెప్పుకోవడం మాత్రం నేర్పరు. నిజానికి ఆ పాఠానికే ఎక్కువ వ్యాయామం కావాలి.

1949 నాటి సీఆర్‌పీఎఫ్ చట్టం మూడో సెక్షన్ ఇది కేంద్రప్రభుత్వ సాయుధ దళమని అంటుంది. బాగానే ఉంది. 2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల కోసం ఈసీహెచ్‌ఎస్ వైద్య పథకం వచ్చింది, దేశమంతా నాలుగు వందల పైచిలుకు పాలీక్లినిక్‌లు వెలిశాయి. అదీ బాగుంది. ఇప్పుడు మన రిటైర్డ్ హవల్దారు గారు అక్కడి కిటికీ దగ్గరికి వెళితే లోపలి నుంచి ఏమంటారు? "మీది ఫౌజు కాదు కదండీ, పోలీసు!" 2010 ఏప్రిల్ 6న దంతెవాడ అడవిలో 75 మంది సీఆర్‌పీఎఫ్ వాళ్లను పొట్టన పెట్టుకున్నవారు ఈ వర్గీకరణ గురించి వాకబు చేసినట్టు లేదు.

ఈ అన్యాయం ఢిల్లీ చెవిన పడకపోలేదు. 2012 నవంబరు 23న హోం శాఖ ఓ ఉత్తర్వు ఇచ్చి, వీళ్లను ఇకమీదట 'మాజీ సీఏపీఎఫ్ సిబ్బంది', అంటే కేంద్ర సాయుధ పోలీసు దళాల మాజీ సిబ్బంది, అని పిలవమంది. బారసాల ఘనంగా జరిగింది, భోజనాల దగ్గరే విస్తళ్లు కనిపించలేదు. ఈసీహెచ్‌ఎస్ గడప మాత్రం అంతే దూరంలో ఉండిపోయింది.

అయితే కేంద్ర ఉద్యోగులకూ పెన్షనర్లకూ సీజీహెచ్‌ఎస్ వైద్య పథకం ఉందిగా అంటారు. ఉంది, ఆ పథకం నడిచే నగరాల్లో. వాటికి బయట కాపురముండే కేంద్ర పెన్షనర్ల రోజువారీ వైద్యానికి నెలకు 1000 రూపాయల అలవెన్సు 2017లో ఖాయం చేశారు. అందులోనే బీపీ మాత్ర, మోకాళ్ల నూనె, రక్తపరీక్ష, బస్సు చార్జీ. ఏదైనా మిగిలితే మనశ్శాంతి కొనుక్కోవచ్చు.

టీకాల సంగతి ఇంకా ముచ్చట. 2021 ఫిబ్రవరిలో కోవిడ్ టీకా మొదటి వరుసలో జవాన్లను నిలబెట్టారు. ఆ జనవరిలోనే వాలంటరీ రిటైర్మెంట్ తీసుకున్న నలభై ఎనిమిదేళ్లాయనకు వేరే జబ్బేమీ లేకపోతే వంతు ఏప్రిల్ 1న వచ్చింది. యూనిఫాం విప్పగానే వైరస్ కూడా సెల్యూట్ కొట్టి పక్కకు తప్పుకుంటుందని లెక్క కాబోలు. ఏటా వేసుకోవాల్సిన ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, 2023లో మన దేశానికొచ్చిన షింగిల్స్ టీకా, ఇవన్నీ ముసలితనంలోనే అక్కరకొచ్చేవి. మన సార్వత్రిక టీకా కార్యక్రమం చూపు ప్రధానంగా పసిపిల్లల మీదా గర్భిణుల మీదా. తాతగారు మళ్లీ పుట్టాలి.

ఇక మనసు. దానికి ఎక్స్‌రే రాదు కాబట్టి ఫైలూ రాదు. అయిదేళ్లలో 730 మంది కేంద్ర సాయుధ పోలీసు సిబ్బంది ఆత్మహత్య చేసుకున్నారని హోం శాఖ లెక్కలే 2024 చివర్లో బయటపెట్టాయి. ఇది ఉద్యోగంలో ఉన్నవారి సంగతి. ఇంటికి చేరినవారిని ఎవరు లెక్కపెడుతున్నారు? అర్ధరాత్రి లేచి తలుపు గడియ మూడుసార్లు చూసొస్తే "పాత అలవాటులే" అంటుంది భార్య. పెళ్లిలో టపాకాయ పేలి ఆయన గోడవారకు ఒదిగితే పిల్లలు నవ్వుతారు. సైకియాట్రిస్ట్ పేరెత్తితే "నాకేం పిచ్చా?" అని ఆయనే విరుచుకుపడతాడు. ఇందులో ఢిల్లీ తప్పెంతో మన ఊరి తప్పూ అంతే. 'పిచ్చి డాక్టరు' అన్న మాట ఏ మంత్రిత్వశాఖా జీవో ఇచ్చి పుట్టించలేదు.

2023 డిసెంబరులో పుణే సైనిక వైద్య కళాశాలలో ఫోనులో మానసిక వైద్య సాయం అందించే టెలీ మానస్ సేవకు సైన్యంవారి కోసం ప్రత్యేక విభాగం తెరిచారు. మంచి పని. ముద్ఖేడ్ ఉన్నదీ మహారాష్ట్రలోనే. కానీ అది రక్షణ శాఖ ఇంటి బిడ్డల కోసం, మన హవల్దారు హోం శాఖ వారింటివాడు. దాయాదుల గొడవ తేలేదాకా జబ్బు ఆగదు కనుక, 2022 అక్టోబరు 10 నుంచి అందరికీ పనిచేస్తున్న టెలీ మానస్ నంబరు రాసిపెట్టుకోండి: 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు, ఏ దళమని అడిగి తిప్పి పంపరు. మీ వీధిలో అలాంటి పెద్దాయన ఉంటే ఉపన్యాసం ఇవ్వకుండా ఫోను మీరే కలిపి ఆయన చేతికివ్వండి.