కుట్లు తెగిపోతాయ్, కదలకండి!

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయిందా? అయితే నాకు కబురు పెట్టండి. కూర్మన్నపాలెంలో మా చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరికి కోత పడినా, మంచం పక్కన కుర్చీ నాదే. 30 ఏళ్ల అనుభవంతో చెబుతున్నాను: రోగి లేవకూడదు. లేస్తే కుట్లు తెగిపోతాయి. ఇప్పటిదాకా ఎవరికి తెగాయని అడక్కండి. నేను లేవనిస్తే కదా!

మర్నాడు పొద్దున్నే ఫిజియో అమ్మాయి వస్తుంది. "తాతగారూ, కాస్త లేద్దామా?" అంటుంది. నిద్రపోతున్నారని చెప్పండి. ఆయన కళ్లు తెరుచుకుని ఉన్నా అదే చెప్పండి. ఊరుకోదు. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా పట్టుకుంటుందట, పేగులు మందగించి కడుపు ఉబ్బుతుందట, పిక్కల్లో రక్తం గడ్డకడుతుందట. ఒకసారి పెద్ద డాక్టరుగారే 1899 నాటి సంగతి ఎత్తారు. షికాగోలో ఎమిల్ రీస్ అనే ఆయన తన రోగుల్ని ఒకటి రెండు రోజులకే లేపి కూర్చోబెట్టాడట. మంచాలు చాలక లేపేసుంటాడని నా అనుమానం.

ఇక తప్పదంటే నా పద్ధతిలో లేపండి. ఆ అమ్మాయిది మహా నత్త నడక. ముందు డాక్టరు సరేనన్నారో లేదో చూస్తుంది. తర్వాత రోగిని పక్కకి తిప్పి, కాళ్లు కిందికి దించి, మోచేత్తో నొక్కుకుంటూ లేచి కూర్చోమంటుంది. అలా కాళ్లు వేలాడేసుకుని కొన్ని నిమిషాలు. కళ్లు తిరగట్లేదని తేలాకే నిలబెడుతుంది. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోమంటుంది. యూరిన్ బ్యాగు నడుం కంటే కిందుగా పట్టుకుని, తను బలం లేని వైపు నిలబడుతుంది. ఇంత తతంగమా? రెండు చేతులూ పట్టుకుని ఒక్క గుంజు గుంజండి. మీ మెడ పట్టుకుని వేలాడమనండి. ఫినాయిల్ వేసి తుడిచిన గచ్చు ఆరకముందే, అరిగిపోయిన హవాయి చెప్పులతో, నేలమీద జీరాడే లుంగీతో నడిపించండి. కళ్లు తిరిగి పడబోతే "నే ముందే చెప్పాను" అనొచ్చు. ఆ మాట రుచే వేరు.

మోకాలు మార్పించుకున్నవాళ్ల దగ్గర ఇంకో పేచీ. ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు వెయ్యాలట. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందట. మనకి ఎప్పుడైనా కుడికాలే కదండీ ముందు! ఏ కాలికి ఆపరేషనైతే ఏం, శాస్త్రం మారిపోతుందా?

మా బావకి హెర్నియా ఆపరేషనైన మూడో రోజు ఒక పిక్క వాచి, ముట్టుకుంటే నొప్పన్నాడు. చల్లగాలి తగిలుంటుందని కొబ్బరినూనె వెచ్చజేసి మర్దనకి కూర్చున్నాను. నర్సమ్మ చూసి గిన్నె లాక్కుని డాక్టరు కోసం పరుగెత్తింది. నలిపితే లోపలి గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుందట, ప్రాణం మీదికొస్తుందట. బావ బాగానే ఉన్నాడు. నా గిన్నె మాత్రం ఇంతవరకూ తిరిగి రాలేదు.

పరామర్శకి వచ్చినవాళ్లంతా నా వైపే. బత్తాయిలు, కొబ్బరిబోండాలు, హార్లిక్స్ సీసా పెట్టి "లేవకండి, లేవకండి" అనే వెళ్తారు. నన్ను ఇబ్బంది పెట్టేది స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైనవాళ్లే. మొన్న గాల్‌బ్లాడర్ తీయించుకున్న మా మావయ్య, బ్లాస్ట్ ఫర్నేసు మనిషి, పైకప్పు చూస్తూ చూస్తూ అడిగాడు:

"ఒరే, మా గోదావరి ఫర్నేసుని చల్లార్చి పది రోజులు ఊరకే పడుకోబెడితే లోపలి ఇనుము ఏటవుద్ది?"

గడ్డకట్టుకుపోద్ది. ఈ ఊళ్లో చిన్నపిల్లని అడిగినా చెబుతుంది.

నేను బత్తాయి తొన ఒలిచి ఆయన నోట్లో పెట్టాను.