కమిట్ కొట్టే చెయ్యి

మా రోజుల్లో బ్యాంకు గుమస్తా లెడ్జర్‌లో వేసిన పద్దు ఆఫీసరు పొట్టి సంతకం పడేదాకా పద్దు కాదు. సాయంత్రం డే బుక్ టాలీ అవకపోతే, పార్వతీపురం ఆఖరి బస్సు వెళ్లిపోయినా సరే, కుర్చీ వదిలేది లేదు. రాసే చెయ్యి వేరు, ఖాయం చేసే చెయ్యి వేరు.

డేటాబేస్‌లో ట్రిగ్గరూ అలాంటి గుమస్తాయే. టేబుల్లో వరస మారగానే తనంతట తాను లేచి పని చేస్తుంది. ఆ పని, తనని లేపిన ట్రాన్సాక్షన్ నిలిస్తే నిలవాలి, పోతే దాంతోపాటే పోవాలి. అందుకే ట్రిగ్గర్‌లో కమిట్ రాస్తే ఒరాకిల్ 04092 అని మొహం మీదే తిట్టేది. ఆ తిట్టు తిని, ట్రాన్సాక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో కాగితం మీద గీసుకునేవాళ్లం.

1999లో ఒరాకిల్ 8ఐ వచ్చింది, అటానమస్ ట్రాన్సాక్షన్ ప్రాగ్మా తెచ్చింది. ఆ ఒక్క లైను పెడితే ట్రిగ్గర్ వేరుకుంపటి పెట్టుకుని తన కమిట్ తనే కొట్టుకోవచ్చు. దానికీ ఒక న్యాయమైన పనుంది, కాదనను. చెయ్యకూడని మార్పు ఎవడో చెయ్యబోతే, మార్పు వెనక్కి పోయినా వాడు ప్రయత్నించిన సంగతి లాగ్‌లో మిగలాలి. అంతవరకే! ఇప్పటి గుంటలు తిట్టు తప్పించుకోడానికి దాన్ని వాడతారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కదా. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ కొత్త పార్వతీపురం మన్యంలోకి పోయింది. ఒకచోట (పేరెందుకులెండి) ఖాతాదారుల జిల్లా కోడ్ మార్చే అప్‌డేట్ నడిపారు. మధ్యలో ఏదో కన్‌స్ట్రెయింట్ తగిలి మొత్తం రోల్‌బ్యాక్ అయింది. అవాల్సిందే. హిస్టరీ టేబుల్‌కి రాసే ట్రిగ్గర్ మాత్రం, ఆ ప్రాగ్మా పుణ్యమా అని, అప్పటికే వరసకో కమిట్ కొట్టేసింది. హిస్టరీలో రాజాం మనిషి విజయనగరం వచ్చేశాడు, అసలు టేబుల్లో ఇంకా శ్రీకాకుళంలోనే ఉన్నాడు. తప్పు దిద్ది మళ్లీ నడిపితే, పాపం, రెండుసార్లు జిల్లా మారాడు.

"ఏటి బాబూ ఇది? ట్రిగ్గర్‌లో కమిట్ ఎందుకెట్టావు?"

"తీసేస్తే ఎర్రరొస్తంది మాస్టారూ."

అదే ట్రిగ్గర్‌లోంచి, అప్‌డేట్ అవుతున్న వరసనే మార్చి చూడమన్నాను. ఆ వరస మీద లాక్ అసలు ట్రాన్సాక్షన్ చేతిలో ఉంది. ట్రిగ్గర్ ముగిస్తే గాని అది కదలదు, లాక్ వదిలితే గాని ట్రిగ్గర్ ముగియదు. 00060 పడింది, డెడ్‌లాక్.

కుర్రాడు తెరకేసి చూసి, "దీనికేమైనా ప్రాగ్మా ఉందేటి మాస్టారూ?" అన్నాడు.